వంకలున్న దారి

ఆదివారం తెల్లవారుజామున నేను కారు బయటికి తీస్తూ ఉంటే మా వీధిలోని పెద్దమనిషి ఒకరు తప్పక పలకరిస్తారు. "ఎటు సార్, ఇంత పొద్దున్నే?" అంటారు. శ్రీశైలం దారిన వెళ్ళి వస్తానని చెబుతాను. దర్శనానికా అంటే కాదు. అక్కడ బంధువులు ఉన్నారా అంటే లేరు. డ్యాం గేట్లు ఎత్తినారా అంటే ఎత్తలేదు. "మరి ఎందుకు?" అన్న ప్రశ్నకు నా వద్ద ఉన్న సమాధానం ఒక్కటే: ఆ దారిలో మలుపులు ఉన్నవి. ఆయన తల ఆడించి లోపలికి వెళ్ళిపోతారు. నా బుద్ధి నిలకడను గురించి ఆయన అభిప్రాయం ఏమిటో నేను ఇంతవరకు అడుగలేదు.

కళాశాల వార్షిక సంచికలో ఇటువంటి విషయం వ్రాయడం ఉచితమా అని నేను చాలా ఆలోచించినాను. ఈ పుటలలో సాధారణంగా విద్యావిధానం, జాతీయ సమైక్యత, భాషాసేవ మొదలైన గంభీర విషయాలు చోటు చేసుకుంటాయి. వాటి సరసన ఈ కారు షికారు ప్రసంగం ఏమిటని పెద్దలు కోపగించవచ్చు. అయినా వ్రాయక తప్పని కారణం ఒకటి ఉన్నది. గత వానాకాలంలో మన విద్యార్థి ఒకడు మిత్రులతో కలిసి మోటారు సైకిలుపై అనంతగిరి కొండలకు వెళ్ళి, ఒక మలుపులో జారిపడి, కాలు విరిగి, సెమిస్టరు పరీక్షలకు కూర్చొనలేకపోయినాడు. పాలకవర్గం వారు వెంటనే, విద్యార్థులెవరూ బృందాలుగా వాహనాలపై కొండదారులకు వెళ్ళరాదని నోటీసు పెట్టించినారు. ఆ నోటీసు వెనుక ఉన్న ఆందోళనను నేను పూర్తిగా గౌరవిస్తున్నాను. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో ఆ బాలుని తండ్రి పక్కన కూర్చున్నవారిలో నేనూ ఒకడిని. కాని ఆ నోటీసు చెప్పక చెప్పిన మాట ఒకటి ఉన్నది. కొండదారిలో వాహనం నడపడంలోని ఆనందం ఒక దుర్వ్యసనమని, దానికి మందు నిషేధమేనని. ఆ మాటతో నేను ఏకీభవించలేను.

మన తెలుగులో "వంక" అన్న చిన్న మాటకు ఎన్ని అర్థాలో చూడండి. వంపు వంక. వాగు వంక. దిక్కు వంక. సాకు వంక. దోషమూ వంకే, వంక పెట్టడం అంటే తప్పు పట్టడం. రంజాను నెల చివర మనం మేడలెక్కి పడమటి ఆకాశంలో వెతికేదీ నెలవంకనే. ఉర్దూలో "పేచ్-ఓ-ఖమ్" అంటే మెలికలు, వంపులు. ఆ మాట దారికీ చెల్లుతుంది, చిక్కుపడిన వ్యవహారానికీ చెల్లుతుంది. కవులు దానిని ప్రేయసి కురులకు కూడ వాడినారు. మన కళాశాలలోని రెండు భాషలూ వంపులో దోషాన్నీ సొగసునూ ఒక్క చోటనే చూసినవి. నోటీసు దోషాన్ని మాత్రమే చూసింది. కాలు విరిగిన కుర్రవాడు సొగసును మాత్రమే చూసినాడు.

అసలు కొండదారి ఎందుకు వంకరలు తిరుగుతుంది? అది ఇంజనీర్ల విలాసం కాదు. కొండ ప్రాంతపు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు సాధారణంగా పాటించవలసిందని చెప్పిన వాలు 20కి 1. అనగా 20 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు మాత్రమే పైకి పోవలె. ఆ లెక్కన 200 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 4 కిలోమీటర్ల దారి కావలె. కొండ ముఖాన అంత పొడవు తిన్నగా దొరకదు గనుక, చీరను మడత పెట్టినట్లు దారిని మడతలు పెట్టి పరుస్తారు. మడత పడిన చోటును హెయిర్‌పిన్ మలుపు అంటున్నాము. ఎడ్లబండి తోలిన మన తాతలకు ఈ సూత్రం చదువు లేకుండానే తెలుసు. బరువుతో ఉన్న ఎద్దు నిట్టనిలువున ఎక్కదు. పక్కలకు ఒరుగుతూ, తన శక్తికి తగిన వాలును తానే వెతుక్కుంటుంది.

ఇక నేను ఎరిగిన దారిని గురించి చెబుతాను. హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే 765వ నంబరు జాతీయ రహదారి కల్వకుర్తి, డిండిల మీదుగా సాగుతుంది. డిండి జలాశయం దాటేవరకు దానిని గురించి చెప్పదగినది తక్కువ. తిన్నని రోడ్డు, ధాబాలు, ప్లాట్ల వ్యాపారుల రంగుల బోర్డులు. మన్ననూరు చెక్‌పోస్టు దాటిన తరువాత అసలు కథ మొదలవుతుంది. అక్కడినుండి అమ్రాబాదు పులుల అభయారణ్యం. రాష్ట్ర విభజనకు ముందు ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. టేకు, నల్లమద్ది, ఏపి, వెదురు రోడ్డు అంచువరకు వచ్చి నిలబడతాయి. వేసవి ముందర ఆకు రాలిన అడవిలో మోదుగుపూలు మాత్రం ఎర్రగా మండుతుంటాయి. వానలు పడిన నెలకు అదే అడవిని గుర్తుపట్టలేము.

ఈ దారిలో ఫర్హాబాదు అనే చోటు ఉన్నది. ఫారసీలో "ఫరహ్" అంటే ఆనందం. నల్లమల నడుమ, చెంచు పెంటల నడుమ, ఆనందనగరం అని అర్థం వచ్చే పేరు! ఆ పేరు పెట్టినవారికి మా వీధి పెద్దమనిషి వేసే ప్రశ్నకు సమాధానం తెలిసే ఉంటుందని నేను అనుకుంటాను.

వటవర్లపల్లి, దోమలపెంట దాటినాక నేల ఒక్కసారిగా కిందికి తెగుతుంది. కింద కృష్ణ. దారి కొండను పట్టుకొని దిగడం మొదలుపెడుతుంది. ఒక మలుపులో మెరిసిన నీరు మరుసటి మలుపులో మాయమవుతుంది. మాయమైందనుకున్న లోయ ఇంకొక మలుపులో కిటికీ పక్కకే వచ్చి నిలుస్తుంది. ఆనకట్ట దిగువ వంతెన దాటి, అవతలి గట్టున మళ్ళీ ఎక్కుడు. తిన్నని రోడ్డులో మనం చూడబోయే దృశ్యం పది నిమిషాలు ముందే కనిపించి, చేరేసరికి పాతబడిపోతుంది. మలుపుల దారి దేనినీ ముందుగా చూపదు. చూపినదానిని కూడ ఎక్కువసేపు ఉంచదు.

కాని దృశ్యం చూడడమే ఆనందమైతే బస్సులో కిటికీ పక్కన కూర్చొని కూడ చూడవచ్చును. పైగా నడిపేవాడు దృశ్యం చూడరాదు. కృష్ణను చూడవలెనంటే బండిని రోడ్డు దించి, వెడల్పున్న చోట నిలిపి, దిగి చూడవలె. వరద రోజులలో గేట్లు ఎత్తినప్పుడు మలుపులోనే బండ్లు నిలిపి ఫోటోలు తీసుకొనేవారివలన అక్కడ వాహనాలు కిలోమీటర్ల పొడవున నిలిచిపోవడం ప్రతి ఏటి తంతు. ఆ పని చేసేవారిని నేను ఈ ఆనందం ఎరిగినవారిగా లెక్కించను.

నడిపేవాని ఆనందం వేరు. అది చేతులది, చెవులది, పాదాలది. మలుపు రాకముందే వేగం తగ్గించడం, తగిన గేరు వేసుకొనడం, రోడ్డు ఎడమ అంచును వదలకుండా స్టీరింగు తిప్పుతూ చూపును మలుపు చివరికి పంపడం, రోడ్డు తిన్నబడుతున్నదని కళ్ళకు తోచినప్పుడు మెల్లగా యాక్సిలరేటరు నొక్కడం. ఇవన్నీ ఒకదానిలోనుండి ఒకటి జారినట్లు కుదిరితే, వెనుక సీటులో నిద్రిస్తున్న పసిబిడ్డ కదలదు. కుదరకపోతే ఆ బిడ్డే చెబుతుంది. ఒక మలుపు బాగా తీసుకున్నాననే సంతోషం, ఖుష్‌నవీసు ఒక వంపును కలం ఎత్తకుండా పూర్తిచేసినప్పుడు పొందే సంతోషానికి దూరం కాదు. అక్కడా తొందరపడితే సిరా చెదురుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. మలుపు అవతల ఏమున్నదో మనకు తెలియదు. లారీ ఉండవచ్చు, మేకల మంద ఉండవచ్చు, తేనె అమ్మే చెంచు పిల్ల ఉండవచ్చు, మన ఎడమ అంచులోనే పంక్చరు వేసుకుంటున్న కుటుంబం ఉండవచ్చు. కొండదారి నడిపేవాడు క్షణక్షణమూ కనబడని మనిషిని దృష్టిలో పెట్టుకొని నడపవలె. హారను కొట్టేది ఆ మనిషికోసమే. ఇరుకు దారిలో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వవలెనని మన మోటారు వాహనాల నిబంధనలలోనే ఉన్నది. ఎక్కేవాడు ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం కష్టమని ఆ నిబంధన వ్రాసినవారికి తెలుసు. తిన్నని రహదారిలో గంటకు వంద కిలోమీటర్లు పోయేవానికి ఎదుటివాడు కేవలం ఒక అడ్డంకి. మలుపుల దారిలో ఎదుటివాడు మనతో సంభాషించే మనిషి. లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తాడు, చేయి ఎత్తుతాడు, "వెనుక ఇంకొక బండి ఉన్నది" అని వేలితో చెబుతాడు. ఈ మర్యాదలో నాకు దొరికే తృప్తి ఏ సభలోనూ దొరకలేదు.

మన కుర్రవాళ్ళు ఈ ఆనందాన్ని వేగంగా పొరబడుతున్నారు. భౌతికశాస్త్ర విద్యార్థులు ఒక చిన్న లెక్క చేయండి. 15 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు, రోడ్డు ఏ పక్కకూ వాలు లేనిది. ఆరిన తారుపై ఘర్షణ గుణకం 0.7 అనుకుందాం. ఆ మలుపులో టైరు పట్టు నిలిచే గరిష్ఠ వేగం గంటకు 36 కిలోమీటర్లు. వాన పడి ఆ గుణకం 0.4కు దిగితే 27 కిలోమీటర్లు. ఇంతే! గరిష్ఠం అన్నాను, అక్కడ తప్పుకు చోటు లేదు. ఇసుక రేణువులు రాలి ఉంటే అదీ దక్కదు. వేగం రెట్టింపైతే మలుపు తిప్పడానికి కావలసిన బలం నాలుగింతలు అవుతుంది గాని రెట్టింపు కాదు. "భయం లేదు, నాకు ధైర్యం ఉన్నది" అని మన వీరులు అంటారు. ఘర్షణ గుణకానికి ధైర్యంతో సంబంధం లేదు. 1944 నుండి వాహనాలు తిరుగుతున్న తిరుమల కొండదారిలో అధికారులు ఒక చక్కని నియమం పెట్టినారు. అక్కడ ఇంత సమయంకంటె ముందుగా చేరినవాడు తప్పు చేసినవాడు. పందెంలో మొదట వచ్చినవానికి బహుమతికి మారుగా దండన విధించే దారి అది.

ఇంత చెప్పిన నేను మొదటినుండి జ్ఞానిని కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత ఫియట్ కారు కొన్నాను. జీతం తక్కువ, పెట్రోలు ప్రియం. దిగుడు దారిలో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు మిగులుతుందని ఒక మిత్రుడు చెప్పినాడు. దోమలపెంట దాటినాక అలాగే వదిలినాను. మొదటి మలుపు, రెండవ మలుపు బాగుగానే గడిచినవి. కాలు బ్రేకుమీదనుండి తీయకుండా దిగుతున్నానన్న స్పృహ కూడ లేదు. కొంత దూరానికి కాలిన వాసన వచ్చింది. తరువాతి మలుపు ముందర బ్రేకు నొక్కితే పెడలు మెత్తగా కిందికి పోయింది గాని కారు ఆగలేదు. ఎదురుగా బియ్యం బస్తాల లారీ ఎక్కుతున్నది.

ఆ లారీ డ్రైవరు నా ముఖం చూసి గ్రహించినాడో, నా కారు తీరు చూసి గ్రహించినాడో తెలియదు. తన బండిని లోయ పక్కకు పూర్తిగా జరిపి నిలిపి, కొండ పక్క నాకు విడిచిపెట్టినాడు. నేను కారును కొండ కాలువలోకి దింపి, పక్క తలుపులు రెండూ రాతికి గీకుకుపోగా ఎట్లాగో ఆగినాను. క్లీనరు కుర్రవాడు దూకి లారీ వెనుక చక్రానికి రాయి అడ్డం పెట్టినాడు. నేను భయంతో నీళ్ళ డబ్బా తీసి పొగలు కక్కుతున్న చక్రంమీద పోయబోతే డ్రైవరు చేయి పట్టుకొని ఆపినాడు. వేడి డ్రమ్ముమీద చన్నీళ్ళు పోస్తే పగులుతుందట. తానంతట అదే చల్లారేవరకు అరగంట నా పక్కన కూర్చొని, తన ఫ్లాస్కులోని చాయ్ మూతలో పోసి ఇచ్చినాడు. తెల్లని గడ్డం, మెడలో తువాలు, కోపపడలేదు. లేచేముందు మాత్రం అన్నాడు: "జిస్ గేర్ మే చఢ్తే, ఉసీచ్ గేర్ మే ఉతర్నా, బాబూ." ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగు.

లారీ కదిలింది. ఇరవై గజాలు పోయి మళ్ళీ ఆగింది. ఏదో మరచినాడేమో అనుకున్నాను. ఉస్తాద్ కేక వేయగా క్లీనరు దిగి వెనుకకు పరుగెత్తివచ్చి, చక్రానికి అడ్డం పెట్టిన రాయిని రోడ్డుమీదినుండి తీసి కాలువలో వేసి వెళ్ళినాడు. చీకటి పడినాక ఆ దారిన వచ్చే ఎవడో స్కూటరువానికోసం, తాను ఎన్నడూ చూడబోని వానికోసం, నిండు బరువుతో ఎక్కుడులో ఉన్న లారీని రెండవసారి ఆపినాడు. కొండదారిని గురించి నేను నేర్చుకున్నదంతా ఆ అరగంటలోనిదే.

ఇంటికి వచ్చి లెక్క వేసినాను. 1000 కిలోల కారు 200 మీటర్ల ఎత్తునుండి దిగితే దాదాపు 19 లక్షల 60 వేల జౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావలె. సుమారు ఆరు లీటర్ల చన్నీళ్ళను మరిగే స్థితికి తేవడానికి అది చాలు. గేరులో దిగితే ఇంజను దానిలో చాలా భాగాన్ని పంచుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే గాలి, టైర్లు కాజేసిన కొద్దిపాటి పోను తక్కిన వేడినంతా నాలుగు చక్రాల బ్రేకులే మ్రింగవలె. పెట్రోలు మిగులుతుందన్న మాట కూడ నేటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు చెల్లదు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే వాటిలో ఇంధనం పూర్తిగా ఆగుతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజనును తిప్పడానికి కొంత కాలుతూనే ఉంటుంది. ఈ సంగతి నేటికీ తెలియనివారు లక్షలుగా ఉన్నారు.

మన గడ్డమీద ఈ విద్యకు గురుశిష్య పరంపర ఒకటి ఉండేది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనది. ఆ బస్సుల తరమూ, తరువాతి లారీల తరమూ డ్రైవరును "ఉస్తాద్" అని పిలిచినవి. సంగీతంలో, కుస్తీలో, దర్జీపనిలో ఏ మాటతో గురువును పిలుస్తామో అదే మాట. క్లీనరుగా చేరిన కుర్రవాడు ఏళ్ళ తరబడి బండి తుడిచి, టైర్లు మార్చి, ఎక్కుడులో రాయి పెట్టి, అర్ధరాత్రి ఉస్తాద్‌కు నిద్ర రాకుండా మాట్లాడి, చివరకు ఒక తిన్నని రోడ్డుమీద పది నిమిషాలు స్టీరింగు పట్టేవాడు. ఆ పద్ధతిలో బాలల శ్రమను దోచుకొనడం, తిట్లు, దెబ్బలు ఉండేవి. నేను దానిని స్వర్ణయుగమని చెప్పను. కాని స్టీరింగు పట్టేనాటికి వానికి బండి బరువు ఎంతో, బ్రేకు హద్దు ఎంతో తెలిసి ఉండేది. నేడు లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారపు బాటలో ఒకసారి తిరిగివస్తే, మరునాడు నల్లమల ఎక్కవచ్చును. ఎనిమిది అంకెకు లోయ ఉండదు.

2018 సెప్టెంబరు 11వ తేదీని మన రాష్ట్రం మరువరాదు. ఆనాడు కొండగట్టు ఘాట్ రోడ్డులో పరిమితికి మించిన ప్రయాణికులతో దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించినారు. వారిలో ఎక్కువమంది తమ పనులమీద పోతున్న పల్లెవాసులు. దారిలోని సొగసుతో వారికి నిమిత్తం లేదు. కొండదారిమీద చేసిన తప్పుకు మూల్యం చెల్లించేది ఎల్లప్పుడూ తప్పు చేసినవాడే కాడు. అందువలననే ఈ విద్యను విలాసంగా తోసివేయడానికి నాకు మనసొప్పదు. ఘాట్ రోడ్డుమీద సరదాకు పోనివాడు కూడ ఏదో ఒక రోజు పెండ్లికో, చావుకో ఘాట్ రోడ్డుమీద పోక తప్పదు.

పాలకవర్గం వారి నోటీసు విషయానికి వస్తాను. నోటీసు పడిన తరువాత మన విద్యార్థులు కొండలకు పోవడం మానినారా? మానలేదు. ఇంట్లో చెప్పకుండా పోతున్నారు. పూర్వం ఒకడైనా "సార్, ఈ ఆదివారం పోతున్నాము" అని నాతో అనేవాడు; టైర్లు చూసుకొమ్మని, హెల్మెట్టు బిగించుకొమ్మని చెప్పే అవకాశం ఉండేది. ఇప్పుడు సోమవారంనాడు చర్మం లేచిన మోచేతులను చూసి గ్రహించవలసి వస్తున్నది. ఆ నోటీసును తీసివేయుమని నేను అడుగడం లేదు. దాని పక్కన ఇంకొక నోటీసు పెట్టుమని కోరుతున్నాను. ప్రతి సంవత్సరం విహారయాత్ర పేరిట ఒక బస్సు మాట్లాడుతూనే ఉన్నాము. ఒక సంవత్సరం ఆ బస్సును పగటివేళ శ్రీశైలం దారిన పంపండి. ఘాట్ రోడ్లమీద జీవితం గడిపి విశ్రాంతి తీసుకుంటున్న బస్సు డ్రైవర్లు, లారీ ఉస్తాద్‌లు మన విద్యార్థుల ఇండ్లలోనే ఉన్నారు. ఎవరి తండ్రో, ఎవరి మేనమామో. ఆయనను అతిథిగా పిలిచి, శాలువా కప్పి, ముందు సీటులో కూర్చుండబెట్టండి. ప్రతి మలుపు ముందర డ్రైవరు ఏ గేరు వేసినాడో, ఎందుకు వేసినాడో ఆయన చెప్పనీయండి. దిగినాక బ్రేకు డ్రమ్ము వేడిని దూరంనుండి చేయి చాచి తెలుసుకొననీయండి. మనం శాలువాలు కప్పినవారిలో ఇంతకంటె తక్కువ చెప్పినవారు ఎందరో ఉన్నారు (నన్ను క్షమించవలె).

ఈ మాట విని మా రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకామె, "ఆ బస్సులో ముందు వరుస మగపిల్లలకేనా సార్?" అని అడిగింది. ఆ అమ్మాయి తన తమ్ముణ్ణి స్కూటరుమీద బడిలో దింపి, కళాశాలకు వచ్చి, సాయంత్రం తల్లిని ఆస్పత్రికి తీసుకొని పోతుంది. నగరంలో ఆమెకంటె జాగ్రత్తగా నడిపేవారిని నేను కొద్దిమందినే చూసినాను. ముందు వరుస ఆమెకే ఇవ్వవలెనని నా అభిప్రాయం.

నాకు వచ్చిన ఆక్షేపణలలో బలమైనది ఒకటే ఉన్నది, దానికి నా వద్ద పూర్తి సమాధానం లేదు. అడవి మన ఆటస్థలమా? మన్ననూరు గేటు రాత్రి 9 గంటలనుండి ఉదయం 6 గంటలవరకు మూసి ఉంటుంది. ఆ తొమ్మిది గంటలు దారి జంతువులది. పగటివేళ మనం అక్కడ అతిథులం. మనం విసిరిన అరటిపండుకు అలవాటుపడిన కోతి రోడ్డుమీదికి వచ్చి చక్రం కింద పడుతుంది. అందుచేత నేను అక్కడ హారను అవసరానికి మించి కొట్టను, బండి నిలిపి పాటలు పెట్టను, తినుబండారాలు విసరను. ఇటీవలి సంవత్సరాలలో ఈ అడవి భాగంలో స్తంభాలమీద ఎత్తైన రహదారి కట్టే ప్రతిపాదన వినవస్తున్నది. కింద జంతువులు నిరాటంకంగా తిరుగవచ్చునని, పైన వాహనాలు రాత్రింబగళ్ళు పోవచ్చునని చెబుతున్నారు. అది వస్తే నేను ఎరిగిన మలుపులలో కొన్ని మిగలకపోవచ్చు. పులికీ దుప్పికీ అది నిజంగా మేలు చేసేదైతే నా మలుపులను నేను వదులుకుంటాను. బాధ లేకుండా వదులుకుంటానని మాత్రం చెప్పలేను. కేవలం గంట ముందుగా చేరడానికే అయితే, ఆ గంట మిగిల్చుకొని మనం ఏమి చేస్తామో ఎవరైనా నాకు చెప్పవలె.

కాలు విరిగిన మన విద్యార్థి ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. మొన్న స్టాఫ్ రూముకు వచ్చి, తాను జారిపడిన మలుపులో ఏమి తప్పు చేసినానని అడిగినాడు. మలుపు మధ్యలో ముందు బ్రేకు గట్టిగా పట్టినాడట. కింద తడి ఆకులు ఉన్నవట. కాగితంమీద ఆ మలుపు బొమ్మ తానే గీసి చూపినాడు, బాగుగానే గీసినాడు. వాని తండ్రిగారితో మాట్లాడినాను. సంక్రాంతి సెలవులలో ఒక ఉదయం 6 గంటలకు, మన్ననూరు గేటు తెరిచే వేళకు, అక్కడ ఉండదలచినాము. వాడు నడపడు, పక్కన కూర్చుంటాడు. వెనుక సీటులో ఇద్దరికి చోటు ఉన్నది. పాలకవర్గ సభ్యులెవరైనా వస్తామంటే కారు ముందురోజే కడిగించి పెడతాను.